మూడేళ్ల బాబుకి పుట్టుకతోనే వెన్నుపూసలు, పక్కటెముకలు అతుక్కుని ఉన్నాయి. పెద్దయ్యాక ఎలా ఉంటాడు?

చెల్లెమ్మా, మీ బాబుది స్పాండిలోకాస్టల్ డిసాస్టోసిస్ అన్నారని, వీపు వంపు చూసి నిద్ర పట్టడం లేదని రాజాం నుంచి రాశారు. నాదీ అదే. 36 ఏళ్లు, విజయనగరంలో డీటీపీ పని చేసుకుంటున్నాను.

వంపు కంటే ముందు ఊపిరి చూడండమ్మా. పక్కటెముకలు అతుక్కుంటే ఛాతీ సరిగ్గా విచ్చుకోదు, ఊపిరితిత్తులు పెరగడానికి చోటు చాలదు. నాకు జలుబు చేస్తే చాలు, నాన్న చొక్కా విప్పి, పొట్ట మీద అరచెయ్యి పెట్టి, గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టేవారు. ఆయన పెదాలు కదిలేవి గానీ మాట వచ్చేది కాదు. లెక్క పెరిగిందంటే తెల్లారకుండానే పాసింజరెక్కి విశాఖ పెద్దాసుపత్రికి. మీరూ బాబు బాగున్నప్పుడు, నిద్రలో లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. ఈ వయసులో నిమిషానికి 40 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు తప్పనివ్వకండి. గుండె, కిడ్నీలకి ఒకసారి స్కానింగ్ తీయించండి. మగపిల్లలకి గజ్జల్లో హెర్నియా కూడా రావచ్చు, చూడమనండి.

మాలిష్‌తో ఎముకలు సరిచేస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం వద్దు. నన్ను తీసుకెళ్లారు, మూడు రాత్రులు పడుకోలేకపోయాను. పుట్టుకతో అతుక్కున్న పూసలు లాగితే విడిపోవు.

పక్కటెముకలకి బిగించి, పిల్లాడు ఎదిగేకొద్దీ పొడిగించే టైటానియం రాడ్లకి అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. నా చిన్నతనంలో ఆ దారి లేదు. అందరికీ అవి అక్కర్లేదు కూడా. ఊపిరికి ఇబ్బంది అవుతుందా లేదా అన్నదే పిల్లల వెన్నెముక సర్జన్‌ని అడగండి.

చదువుకి ఏ లోటూ ఉండదు. నా ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. నడుం పైభాగం పొట్టి, చేతులు మామూలు పొడవే. అందుకే రెడీమేడ్ చొక్కా కొనను, కుట్టించుకుంటాను.

ఇక, గ్రహణం పూట మీరు బయట తిరగడం వల్లే బాబుకిలా అయిందన్న మీ అత్తగారి మాట. మా అమ్మనీ అలాగే అన్నారు. ఆమె నమ్మేసింది. వెన్నుపూసలు రూపు కట్టేది కడుపు నిలిచిన మొదటి వారాల్లో, చాలామందికి నెల తప్పిన సంగతి కూడా ఇంకా ఖాయం కాని రోజుల్లో. ఎక్కువగా కనిపించే రకంలో, డీఎల్ఎల్3 అనే జన్యువులోని లోపం అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ, రెండు వైపులా వస్తేనే బిడ్డకి ఇలా అవుతుంది. మా ఇంట్లోనూ మీలాగే మేనరికం. ఆ రకమే అయితే ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంటుంది, కాబట్టి రెండో బిడ్డకి ముందే జన్యు పరీక్ష చేయించండి.

ఈ సంగతి ఒక డాక్టరమ్మ మా అమ్మకి చెప్పేసరికి నాకు పంతొమ్మిదేళ్లు. విని, బయట బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. అత్తగారికి మీరు చెప్పలేకపోతే, మీ ఆయన చేత చెప్పించండి.