డాబా మీద డిష్, నోట్‌బుక్కులో డెసిబెల్స్: ఏ బ్రాంచి తీసుకోవాలి?

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మావాడు సెకండ్ పీయూసీ. పక్కింటివాళ్ళు తీసేసిన డీటీహెచ్ డిష్ డాబా మీద బిగించి, అంతరిక్ష కేంద్రం నుంచి వచ్చే టీవీ బొమ్మ పడతానంటాడు. నోట్‌బుక్కు నిండా డెసిబెల్ లెక్కలే. మేం సీఎస్ఈ అంటే వాడు ఈసీఈ అంటున్నాడు. ఇది చదువుకి పనికొచ్చేదేనా?

జవాబు: ముందా నోట్‌బుక్కు పాతపేపర్లవాడికి వేయకండి. వాడు వేస్తున్నది లింక్ బడ్జెట్, అంటే పైనుంచి బయల్దేరిన సిగ్నల్ మన దగ్గరికి ఎంత చేరుతుందన్న లెక్క. ఇంటి బడ్జెట్ లాంటిదే. పైనుంచి పంపే పవర్ జీతమైతే, దారిలో పోయేది ఖర్చు, యాంటెనా సిగ్నల్‌ను ఒకచోటికి పోగుచేసే బలం (గెయిన్) పై రాబడి. నెలాఖరుకి చేతిలో ఏం మిగిలిందన్నదే ప్రశ్న.

అంతరిక్ష కేంద్రంలోని హామ్‌టీవీ, అంటే అభిరుచితో రేడియో నడిపే హామ్‌ల కోసం పెట్టిన టీవీ ట్రాన్స్‌మిటర్, 2.4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో పనిచేస్తుంది. పవర్ మీ హాల్లో ఎల్ఈడీ బల్బంతే, 10 వాట్ల స్థాయి. నెత్తిమీద 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్నప్పుడే దారిలో పోయే నష్టం 152 డెసిబెల్స్ (10 డెసిబెల్స్ అంటే పది రెట్లు, 20 అంటే వంద రెట్లు). దిక్చక్రం దగ్గర 2,000 కిలోమీటర్ల దూరాన ఉంటే 166, అంటే సిగ్నల్ ఇంకో 25 రెట్లు పలచబడుతుంది. పైగా ఇది టీవీ. మాటకు రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు, బొమ్మకు 2 మెగాహెర్ట్జ్ కావాలి. తలుపు 800 రెట్లు వెడల్పు చేస్తే నాయిస్ (అనవసరపు రొద) కూడా అన్ని రెట్లు లోపలికొస్తుంది.

మరి పైన పవర్ పెంచొచ్చుగా? పది సెంటీమీటర్ల బుల్లి ఉపగ్రహాన్నే తీసుకోండి. ఒక ముఖం మీది సోలార్ ప్యానెల్ నిండు ఎండలో ఇచ్చేది 4 వాట్లకు మించదు. 5 వాట్లు ప్రసారం చేయాలంటే యాంప్లిఫయర్ 12 వాట్ల దాకా తాగుతుంది. అందుకే బ్యాటరీలో కూడబెట్టి, మన మీదుగా వెళ్ళే ఆ పది నిమిషాలే ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తారు. మిగతా భారమంతా కింది డిష్‌దే. డిష్ అడ్డుకొలత రెట్టింపైతే అందే సిగ్నల్ నాలుగింతలవుతుంది.

మీవాడు చిక్కుకునేది ఇక్కడే. డిష్ ముందు బిగించే డీటీహెచ్ రిసీవర్ పెట్టె, ఎల్‌ఎన్‌బీకి, 2.4 గిగాహెర్ట్జ్ వినపడదు, దాని బదులు అక్కడ వేరే చిన్న యాంటెనా (ఫీడ్) చేసుకోవాలి. 60 సెంటీమీటర్ల డిష్ కూడా చిన్నదే. హామ్‌టీవీకి 1.2 మీటర్లది కావాలి, దాన్ని కదిలే అంతరిక్ష కేంద్రం వెంట తిప్పుతూ ఉండాలి. దానికంటే ముందు క్యూఓ-100 ప్రయత్నించమనండి. 2018లో పైకి వెళ్ళిన భూస్థిర ఉపగ్రహం మీది హామ్‌ల రిలే అది, మనకు ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టుంటుంది. కిందికి 10.49 గిగాహెర్ట్జ్‌లో పంపుతుంది కాబట్టి మామూలు ఎల్‌ఎన్‌బీకే అందుతుంది. బెంగళూరు నుంచి పడమటికి తిరిగి, 30 డిగ్రీల ఎత్తుకి గురిపెట్టి వదిలేయొచ్చు. డిష్ మీటరు దరిదాపుల్లో ఉంటే మేలు. పడమట కొత్త అపార్ట్‌మెంట్ లేవకుండా ఉంటే చాలు, మీ పేటలో అదే కష్టం!

వినడం వేరు, తిరిగి పంపడం వేరు. పంపాలంటే అమెచ్యూర్ (హామ్) రేడియో ఆపరేటర్ పరీక్ష పాసై కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. పన్నెండేళ్ళు నిండితే రాయొచ్చు.

ఇక బ్రాంచి. నా ఓటు ఈసీఈకే. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి కంటే తక్కువగా ఉండొచ్చు, ఆ మాట మీరిద్దరూ ఇప్పుడే అనుకోండి. కానీ ఇస్రో వాళ్ళ ఉపగ్రహ కేంద్రం, ఉపగ్రహాలతో సంబంధాలు నడిపే ఇస్ట్రాక్ రెండూ మీ ఊళ్ళోనే ఉన్నాయి. బెంగళూరు దగ్గరి బ్యాలాళులో ఇస్రోకున్న 32 మీటర్ల డిష్ వెనకున్నదీ మీవాడి లెక్కే, అంకెలే పెద్దవి. 2010లో వెళ్ళిన కిలో బరువు కూడా లేని స్టడ్‌శాట్ ఉపగ్రహాన్ని బెంగళూరు, హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులే కట్టారు.

కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్లేస్‌మెంట్ల బోర్డు ముందు నిలబడిపోకండి. యాంటెనా ల్యాబుకెళ్ళి, యాంటెనాలను కొలిచే వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్ పిల్లల చేతికిస్తారా అని అడగండి. నేను చూసిన ఒక కాలేజీలో అది ఉంది, పూల గుడ్డ కప్పి, తాళం వేసిన బీరువాలో. సీటు కోసం సీఈటీ, జేఈఈ రెండూ రాయించండి. పరీక్షలు అయ్యేదాకా డాబా ఆదివారం సాయంత్రాలకే.