భవిష్యత్ ప్రాజెక్టులను పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ఎలా రాసుకోవాలి?

మీరు అడిగినది ఇది: ముగ్గురు కలిసి విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ కట్టబోతున్నారు, డీడ్ (భాగస్వామ్య ఒప్పంద పత్రం) ముసాయిదాలో "మరియు భవిష్యత్తులో భాగస్తులందరి పరస్పర అంగీకారముతో చేపట్టు ఇతర ప్రాజెక్టులు" అని ఒక వాక్యం ఉంది, దాన్ని అలాగే ఉంచవచ్చా, లేక ఇంకా వివరంగా రాయించుకోవాలా అని. ఆ వాక్యాన్ని అలా ఉంచి మాత్రం సంతకం చేయకండి. గుంటూరులో చాలా ఏళ్లుగా నిర్మాణ సంస్థల లెక్కలు చూస్తున్నవాడిగా చెబుతున్నాను, ఈ రంగంలో భాగస్తులు విడిపోయేది మొదటి ప్రాజెక్టులో నష్టం వచ్చినప్పుడు కాదు, రెండో ప్రాజెక్టు కనబడినప్పుడు.

నా దగ్గరికి వచ్చిన ఒక తగాదా చెబుతాను. బావ, బావమరిది, వారి స్నేహితుడు ఒకరు కలిసి అపార్ట్‌మెంట్ మొదలుపెట్టారు. పెట్టుబడిలో ఎక్కువ భాగం బావది, సైటు మీద నిలబడి పని చేయించేది బావమరిది, స్నేహితుడు కొంత డబ్బు పెట్టి అమ్మకాలు చూసేవాడు. లాభంలో వాటాలు 50, 25, 25. చివరి స్లాబు పడేనాటికి పని నాణ్యత చూసి పక్క స్థలం యజమాని సైటు మీదికే వచ్చి, తన స్థలాన్నీ డెవలప్‌మెంట్‌కు (స్థలం యజమానిది, కట్టేది బిల్డరు, కట్టినది ఇద్దరూ పంచుకునే పద్ధతి) తీసుకోమని బావమరిదిని అడిగాడు. అతను తీసుకున్నాడు, కానీ అగ్రిమెంటు తన భార్య పేరున రాయించుకున్నాడు. ఆ స్థలంలో బోర్డు పాతిన తరువాతే బావకు సంగతి తెలిసింది.

ముగ్గురూ మా ఆఫీసులో కూర్చున్నారు. విచిత్రం ఏమిటంటే ఇద్దరూ డీడ్‌లోని ఆ ఒక్క వాక్యాన్నే చూపించారు. "భవిష్యత్ ప్రాజెక్టులు కూడా సంస్థవేనని రాసుకున్నాం, ఇది సంస్థది" అని బావ. "అందరి అంగీకారంతో చేపట్టినవి అని కదా బావగారూ రాసింది, దీనికి మీరెప్పుడు అంగీకరించారు? అంగీకారం లేదు గనుక ఇది సంస్థది కాదు" అని బావమరిది. అక్షరాన్ని పట్టుకుని చూస్తే బావమరిది వాదనకే బలం ఉంది. తరువాత ఒప్పుకుంటామని ఇప్పుడు ఒప్పుకున్న మాటతో ఎవరినీ దేనికీ కట్టిపడేయలేం.

ఆ రోజు విషయం తేల్చింది డీడ్ కాదు, చిట్టా, అంటే సంస్థ రోజువారీ జమాఖర్చుల పుస్తకం. దానిలో ఒక పేజీలో "సర్వేయరుకు, కొలతలు" అని ఒక చిన్న ఖర్చు కనబడింది. సంస్థ స్థలం కొలతలు పునాది తీయకముందే పూర్తయ్యాయి, ఈ పద్దు మాత్రం ఆఖరి స్లాబు నాటిది. పక్క స్థలాన్ని సంస్థ డబ్బుతో కొలిపించారన్నమాట. ఆ పేజీ ముందు పెట్టాక బావమరిది మరి మాట్లాడలేదు. 1932 భారత భాగస్వామ్య చట్టం 16వ సెక్షను ప్రకారం, సంస్థ ఆస్తినిగానీ వ్యాపార సంబంధాలనుగానీ పేరునుగానీ వాడుకుని ఒక భాగస్తుడు సొంతానికి లాభం సంపాదిస్తే, ఆ లాభానికి లెక్క చెప్పి సంస్థకు చెల్లించాలి. సంస్థ వ్యాపారంవంటిదే చేస్తూ దానితో పోటీపడినా అంతే. అయితే ఆ సెక్షను భాగస్తుల మధ్య ఒప్పందానికి లోబడి వర్తిస్తుంది. అందుకే డీడ్‌లో ఉండే ఆ ఒక్క వాక్యానికి అంత ప్రాముఖ్యం.

తగాదా అక్కడితో ఆగలేదు. పక్క స్థలం సంస్థదే అనుకుందాం అని బావ అనగానే స్నేహితుడు, "అయితే అందులోనూ నాకు పాతిక శాతం వస్తుంది" అన్నాడు. కొత్తగా రూపాయి పెట్టే ఉద్దేశం అతనికి లేదు. వినడానికి అన్యాయంగా ఉన్నా చట్టం అతని వైపే ఉంది. ఫలానా పని కోసం ఏర్పడిన సంస్థ మరో పని చేపడితే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి పనిలో ఉన్న హక్కులూ బాధ్యతలే రెండో పనిలోనూ కొనసాగుతాయని 17వ సెక్షను చెబుతుంది. చివరికి పక్క స్థలం బావమరిదికి వదిలేసి, అతనిచేత సంస్థకు కొంత సొమ్ము కట్టించి, మొదటి అపార్ట్‌మెంట్ పూర్తికాగానే లెక్కలు ముగించేలా రాజీ కుదిర్చాం. ఆ రెండు కుటుంబాల మధ్య రాకపోకలు మాత్రం తగ్గిపోయాయి.

ఇప్పుడు మీ డీడ్ సంగతికి వస్తాను. ఇంకా పుట్టని ప్రాజెక్టును ఎలా నిర్వచిస్తాం అని చాలామంది చేతులెత్తేస్తారు. 1872 కాంట్రాక్టు చట్టం 29వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణలు ఒకసారి చదవండి. వంద టన్నుల నూనె అమ్ముతానని ఒకడు ఒప్పుకుంటే, ఏ నూనో తేలదు గనుక ఆ ఒప్పందం చెల్లదు. అదే మనిషి కొబ్బరినూనె ఒక్కటే అమ్మే వ్యాపారి అయితే, అతని వ్యాపారాన్ని బట్టే అర్థం తేలుతుంది, ఒప్పందం చెల్లుతుంది. వెయ్యి మణుగుల బియ్యం అమ్ముతాను, ధర ఫలానా మూడో మనిషి నిర్ణయిస్తాడు అని రాసుకుంటే అదీ చెల్లుతుంది. ధర ఇవాళ తెలియకపోయినా, తెలుసుకునే దారి ఒప్పందంలో ఉంది. నేను ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నది ఈ చివరి ఉదాహరణనే. రాబోయే ప్రాజెక్టును వర్ణించాల్సిన పని లేదు, ఏది సంస్థ ప్రాజెక్టు అవుతుందో తేల్చే పద్ధతిని రాయాలి.

ఆ పద్ధతిలో మొదట హద్దులు ఉండాలి. ఏ రకం పని (నివాస అపార్ట్‌మెంట్లేనా, లేఅవుట్లు కూడానా), ఏ ప్రాంతం (విజయవాడ నగరపాలక సంస్థ పరిధా, మొత్తం ఎన్టీఆర్ జిల్లానా), ఎంతకాలం (మొదటి ప్రాజెక్టుకు, అందులో నివాసానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేవరకా, ఆ తరువాత మరో ఏడాదా) అన్నవి తేదీలతో, పేర్లతో రాయండి. ఆ హద్దుల్లోకి వచ్చే ఏ అవకాశం ఏ భాగస్తుడికి ఎదురైనా, అతని భార్య, పిల్లలు, తోడబుట్టినవారు, వారి సంస్థల ద్వారా వచ్చినా సరే, ముందుగా మిగతా భాగస్తులకు రాతపూర్వకంగా తెలపాలని ఉండాలి. భార్య పేరున రాయించుకోవడం మన దగ్గర ఎంత మామూలో మీకు తెలుసు గనుక, ఈ కుటుంబ సభ్యుల మాటను మొహమాటపడి వదలకండి.

తెలిపిన తరువాత ఏం జరగాలన్నది అంతకన్నా ముఖ్యం. మిగతావారు జవాబు చెప్పడానికి పదిహేను రోజులో నెలో గడువు పెట్టండి. గడువులో జవాబు రాకపోతే వద్దన్నట్టే అని స్పష్టంగా రాయండి, లేకపోతే మౌనాన్ని ఎవరికి కావలసినట్టు వారు చెప్పుకుంటారు. వద్దన్నప్పుడు తెచ్చిన భాగస్తుడు సొంతంగా చేసుకోవచ్చు, అయితే సంస్థ డబ్బు, పనివారు, పేరు, సామాగ్రి వాడకూడదు అని చేర్చండి. కావాలన్నప్పుడు, పెట్టుబడీ వాటాలూ తేలుస్తూ ఆ ప్రాజెక్టుకు విడిగా అనుబంధ ఒప్పందం రాసుకుని సంతకాలు చేసేవరకు ఎవరికీ డబ్బు పెట్టాల్సిన బాధ్యత లేదని, మొదటి ప్రాజెక్టు వాటాలు దానంతట అవి దీనికి వర్తించవని రాయండి. 17వ సెక్షనుకు విరుగుడు ఈ చివరి మాటే.

ఒక ప్రాజెక్టు కోసమే ఏర్పడిన సంస్థ ఆ పని పూర్తికాగానే, వేరే ఒప్పందం లేకపోతే, రద్దవుతుందని భాగస్వామ్య చట్టం 42వ సెక్షను చెబుతుంది. కాబట్టి మొదటి అపార్ట్‌మెంట్ తరువాత సంస్థ కొనసాగాలో వద్దో కూడా ఇప్పుడే తేల్చుకోండి. మీ భాగస్తుడు ఇప్పటికే మంగళగిరిలో ఒక స్థలం చూస్తున్నాడని రాశారు. అది మీ ఎన్టీఆర్ జిల్లా హద్దుల్లోకి రాదు, గుంటూరు జిల్లా. దాన్ని సర్వే నంబరుతో సహా డీడ్‌లో పేర్కొని, సంస్థదా కాదా అని సంతకాలకు ముందే తేల్చండి. తెలిసిన ప్రాజెక్టును భవిష్యత్ ప్రాజెక్టు అని పిలవనివ్వకండి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన దగ్గర డీడ్‌లు రాసే తీరు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పాత డీడ్ తీసి, పేర్లు మార్చి, ప్రింటు తీసి చేతిలో పెడతారు. అపార్ట్‌మెంట్ కట్టే ఒక సంస్థ డీడ్‌లో "ధాన్యము కొనుగోలు, మరపట్టుట, బియ్యము, తవుడు, నూకల అమ్మకము" అని ఉండడం నా కళ్లతో చూశాను. ఏదో రైసు మిల్లు డీడ్ అది. లక్షల్లో పెట్టుబడి పెట్టేవారు ప్రతి పేజీ కింద సంతకం చేశారు, ఒక్కరూ చదవలేదు. చదివి ప్రశ్న అడిగినవాడిని "మా మీద నమ్మకం లేదా" అంటారు. నమ్మకం ఉన్న రోజునే రాసుకోవాలి, అది పోయిన తరువాత ఎవరూ ఏ వాక్యానికీ ఒప్పుకోరు. సంస్థను రిజిస్టరు చేయించడంలోనూ ఇదే నిర్లక్ష్యం. రిజిస్టరు కాని సంస్థలో భాగస్తుడు డీడ్‌లోని హక్కు కోసం సంస్థ మీద గానీ తోటి భాగస్తుల మీద గానీ దావా వేయలేడని అదే చట్టం 69వ సెక్షను చెబుతున్నా, ఖర్చు దండగ అనుకుని మానేస్తారు.

చివరిగా, తెలపడం అంటే ఎలా తెలపాలో కూడా రాయండి. ఈ రోజుల్లో ఒకరు వాట్సాప్ గ్రూపులో స్థలం ఫొటో పెట్టి "చెప్పాను కదా" అంటారు, మరొకరు చూడలేదంటారు. ఒక్కొక్క భాగస్తుడి ఈమెయిల్ చిరునామా, ఫోన్ నంబరు డీడ్‌లోనే రాసి, వాటికి పంపినదే నోటీసు అనీ, అందులో స్థలం వివరాలు, యజమాని అడిగే వాటా, కావలసిన అడ్వాన్సు ఉండాలనీ, గడువు ఆ మెయిల్ పంపిన రోజు నుంచే లెక్కించాలనీ పెట్టండి.