రిపోర్టులో పి53 లేదన్నారు, మంచిదే కదా డాక్టరు గారూ?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. నెలసరి ఆగిపోయిన చాలా ఏళ్లకు మళ్లీ బ్లీడింగ్ కావడంతో గర్భసంచి లోపొర నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపారు. క్యాన్సర్ అని తేలింది. రిపోర్టులో 'పి53 పూర్తిగా లేదు, అబ్‌నార్మల్' అని ఉంది. లేకపోతే మంచిదే కదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ సందేహం సహజమే. షుగర్ లేదు, టీబీ లేదు అంటే హమ్మయ్య అనుకుంటాం. పి53 అలాంటిది కాదు, అది ఒంట్లో ఉండాల్సిన ప్రొటీన్. కణంలో డీఎన్‌ఏ దెబ్బతింటే విభజనను ఆపేది, బాగుపడకపోతే ఆ కణాన్ని చంపేసేది ఇదే. 1979లో కనుక్కున్న కొత్తలో దీన్నే క్యాన్సర్ కారకం అనుకున్నారు. నిజానికి ఇది కాపలాదారని తేలడానికి మరో పదేళ్లు పట్టింది.

ల్యాబ్‌లో మైనపు దిమ్మెలో బిగించిన ముక్క నుంచి మూడు నాలుగు మైక్రాన్ల పొర కోసి స్లైడు మీద పరుస్తారు. పి53కి అతుక్కునే యాంటీబాడీ వేస్తారు. డీఓ-7 అనేది బాగా వాడుకలో ఉన్న రకం. అది అతుక్కున్న కేంద్రకాలు గోధుమ రంగులోకి మారతాయి, మిగతావి నీలంగా ఉంటాయి. అయితే మంచి పి53కీ, చెడిపోయిన పి53కీ తేడా ఆ యాంటీబాడీకి తెలియదు. అందుకే రంగు ఎలా పరుచుకుందో చూస్తాం. పి53ని తయారుచేయించే జన్యువు బాగుంటే కొన్ని కణాలు ముదురుగా, కొన్ని లేతగా, కొన్ని నీలంగా కలగాపులగంగా కనిపిస్తాయి. జన్యువు ఒకలా చెడితే ప్రొటీన్ పోగుపడి గడ్డ కణాలు దాదాపు అన్నీ ముదురు గోధుమ రంగులో ఉంటాయి. ఇంకోలా చెడితే ప్రొటీనే తయారవదు, గడ్డంతా నీలమే. మీ అమ్మగారిది ఈ చివరిది. దీన్ని 'నెగటివ్' అని ఒక్క మాటలో రాసి వదిలేస్తే ఇంట్లోవాళ్లు సంబరపడిపోతారు. మీ ల్యాబ్ 'అబ్‌నార్మల్' అని స్పష్టంగా రాసింది, మంచి పని చేసింది.

ఒక్క విషయం మాత్రం తప్పకుండా అడగండి. గడ్డ పక్కనున్న మామూలు కణాల్లో గోధుమ రంగు కనిపించిందా? కనిపిస్తేనే ఈ ఫలితాన్ని నమ్మాలి. అక్కడా లేకపోతే పరీక్షే కుదరలేదని అర్థం, మళ్లీ చేయించాలి. ముక్కను ఫార్మలిన్‌లో సరిగా నిల్వ చేయకపోయినా ఇలా అవుతుంది.

ఫలితం నిజమైతే ఇది గర్భసంచి క్యాన్సర్లలో కాస్త తీవ్రమైన రకం. ఆపరేషన్ తర్వాత రేడియేషన్‌తో పాటు కీమో కూడా అవసరం కావచ్చు. ఎంఎంఆర్, పోల్ పరీక్షల (కణం డీఎన్‌ఏలో తప్పుల్ని సరిదిద్దుకునే ఏర్పాటు గడ్డలో బాగుందో లేదో చూసేవి) ఫలితాలు కూడా కలిపి చూసి మీ ఆంకాలజిస్టు నిర్ణయిస్తారు. ఈ లోపం చాలామందిలో గడ్డలో పుట్టేదే తప్ప తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. సెకండ్ ఒపీనియన్‌కు వెళ్తే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, మైనపు దిమ్మె, స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్లండి.