టైగర్ తుంటికి మర్దన చేయవచ్చా?

(పెంపుడు జంతువులపై పాఠకుల ప్రశ్నలకు నల్గొండకు చెందిన విశ్రాంత పశువైద్యురాలి జవాబులు)

ప్రశ్న: మా లాబ్రడార్ టైగర్‌కు పదకొండేళ్ళు. పడుకుంటే లేవడానికి తంటాలు పడుతోంది, నాలుగడుగులు వేశాక సర్దుకుంటోంది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి తుంటి కీళ్ళు అరిగాయని మందులు రాశారు. మా అబ్బాయి ఫోనులో ‘టీటచ్’ అనే మర్దన చూపించాడు. మా అత్తగారు కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాయమంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ముందు నూనె సంగతి చెబుతానమ్మా. కర్పూరం నూనె వద్దే వద్దు. కుక్క ఒంటికి ఏది రాసినా కాసేపట్లో నాకేస్తుంది. కర్పూరం కడుపులోకి పోతే విషం, మూర్ఛలు కూడా రావచ్చు. తన మోకాళ్ళకు హాయిగా ఉంది కాబట్టి దానికీ ఉంటుందని అత్తగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, ఆమెకు నెమ్మదిగా వివరించండి. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడా వేయకండి, అవి కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. డాక్టరుగారు రాసిన మందులు మానవద్దు. అరిగిన కీలును ఎవరి వేళ్ళూ బాగుచేయలేవు. బిగిసిన కండను సడలించడం, బెదిరిన ప్రాణికి ధైర్యం ఇవ్వడం మాత్రం వాటికి చేతనవును. ముసలి కుక్కకు అది చిన్న మేలేమీ కాదు.

టీటచ్ పద్ధతిని రూపొందించినది కెనడాలో పుట్టిన లిండా టెల్లింగ్టన్ జోన్స్. ఆమె గుర్రాలతో పనిచేసిన మనిషి. 1970లలో మోషే ఫెల్డెన్‌క్రైస్ దగ్గర మనుషుల కదలికల గురించి నేర్చుకుని, దాన్ని జంతువులకు మలిచారు. ఇందులో పిసకడం, నొక్కడం ఉండవు. గడియారం ముఖాన్ని ఊహించుకోండి. ఆరు అంకె దగ్గర మూడు వేళ్ళ కొసలు ఆనించి, ముల్లు తిరిగే వైపే పూర్తిగా ఒక చుట్టు తిప్పి, మళ్ళీ ఆరు దాటి తొమ్మిది దాకా వెళ్ళి ఆగండి. వేళ్ళు బొచ్చు మీద జారకూడదు, వాటితోపాటు చర్మం కదలాలి. మూసిన మీ కనురెప్ప మీద ఇబ్బంది లేకుండా ఎంత ఒత్తగలరో అంతే బలం చాలు. ఒక చుట్టు అయ్యాక చేయి తీసి, పక్కన ఇంకో చోట మొదలుపెట్టండి.

టైగర్‌కు తుంటి దగ్గర మొదలుపెట్టవద్దు. వెనక కాళ్ళు నొప్పిపెట్టే కుక్క ఒంటి బరువును ముందుకు తోస్తుంది. అందుకే దాని మెడ, భుజాలు, ఛాతీ పగలంతా అదనపు చాకిరీ చేస్తాయి. అక్కడ మొదలుపెట్టి, వెన్నెముకకు రెండు పక్కలా మెల్లగా వెనక్కి రండి. ఎముక మీద మాత్రం ఒత్తకండి. రెండు మూడు చుట్లకోసారి చేయి తీసేసి చూడండి. ఇంకా కావాలంటే అదే మీ వైపు ఒరుగుతుంది. నిద్ర రాకుండానే ఆవలించినా, పెదాలు నాకినా, ముఖం తిప్పుకున్నా, ఒళ్ళు బిగించినా చాలని అర్థం. ఆ మాట వినండి. తన మాట చెల్లుతుందని తెలిసిన కుక్కే రేపు తనంతట తాను మీ దగ్గరికి వస్తుంది. ఐదు నిమిషాలు చాలు.

మన వైపు సంతల్లో మేకను కొనేవాళ్ళు నడుము మీద వేళ్ళు పెట్టి కండ ఎంత ఉందో చెప్పేస్తారు. రోజూ నిమిరే మీ చేతికీ అలాంటి తెలివే వస్తుంది. కొత్త గడ్డ, వేడి, వాపు, చెవి వెనక పిడుదు తగిలితే అక్కడ మర్దన ఆపి డాక్టరుకు చూపించండి. పక్కటెముకలు వేళ్ళకు అందకపోతే బరువు పెరిగినట్టే, తిండి తగ్గించాలి. ఉన్నట్టుండి వెనక కాళ్ళు చచ్చుబడినా, పాదం మడతపడి ఈడ్చినా, మూత్రం ఆగినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంకొకటి. మీ ఇంట్లో టైల్స్ ఉంటే, అది పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నె దాకా గోనెపట్టాలు పరవండి. పాత ఇళ్ళలో గరుకు షాబాదు బండల మీద కాలికి పట్టు దొరికేది. నున్నటి నేల మీద ఒక్కసారి జారితే వారం రోజుల మర్దన వృథా అవుతుంది.

ప్రశ్న: మేం అన్నం పెట్టే వీధికుక్క తోక ఊపుతూ వస్తుంది. తల మీద చేయి వేయబోతే మాత్రం వెనక్కి దూకుతుంది. మర్దనతో దాని భయం పోతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: ఇప్పుడే వద్దు మాస్టారూ. పైనుంచి వచ్చే చేయి దానికి దెబ్బలాగే కనిపిస్తుంది. అన్నం పెట్టి, పక్కకు తిరిగి కూర్చోండి, కళ్ళలోకి చూడకండి. అదే వచ్చి వాసన చూసి ఆనుకుంటే ఛాతీ మీదో భుజం మీదో చేతి వెనక భాగంతో ఒక్కసారి తాకి ఆపండి. నెలలు పట్టినా తొందరపెట్టకండి. ముందు దానికి రేబిస్ టీకా వేయించే ఏర్పాటు చూడండి. పిల్లలను ఈ పనికి పంపవద్దు. కరిచినా, గోరు గీరినా పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టించుకోండి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకండి.