కుమురం భీం పాఠం ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఆసిఫాబాద్ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఎనిమిదో తరగతిలో ముగ్గురు గోండు పిల్లలు ఉన్నారు. నిజాం పాలనపై తిరగబడిన గోండు నాయకుడు కుమురం భీం పాఠం చెబుతూ, వారిలో ఒక అబ్బాయిని లేపి 'మీ వాళ్ల గురించి నువ్వే చెప్పు' అన్నాను. తల దించుకొని నిలబడ్డాడు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మర్నాడు అతడు బడికి రాలేదు. ఎక్కడ పొరబడ్డాను?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ ఉద్దేశం మంచిదే గాని, 'మీ వాళ్లు' అన్న మాటతో తరగతి అంతా ఒకవైపు, ఆ అబ్బాయి ఒక్కడూ మరొకవైపు అయిపోయారు. పదమూడేళ్ల పిల్లవాడు ఒక జాతి మొత్తం తరఫున జవాబు చెప్పలేడు. ముందుగా వాళ్లింటికి వెళ్లి, తప్పు మీదేనని అతడితోనే చెప్పండి.

ఇక పాఠం సంగతి. 1940లో జోడేఘాట్‌లో భీం నేలకొరిగిన ఘట్టంతో మనం సాధారణంగా ముగించేస్తాం. దానికి ముందూ వెనకా జరిగినదే ఎక్కువసేపు చెప్పదగినదని నా అభిప్రాయం. తాతల నాటి నుంచి సాగు చేసుకుంటున్న నేల రిజర్వు అడవి హద్దుల్లోకి పోవడం, పశువులను మేపితే పన్ను కట్టమనడం, చేతిలో కాగితం లేనందువల్ల ఆ భూమే బయటివారి పేరున పట్టా కావడం బోర్డు మీద రాసి, 'మన ఇంటి పొలానికే ఇలా జరిగితే?' అని అందరినీ అడగండి. పట్టా లేకపోతే ఏమవుతుందో రైతుల పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు. తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త చేత గోండుల స్థితిగతులను పరిశీలింపజేసిందనీ, 1943లో మీ జిల్లాలోని మార్లవాయిలోనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైందనీ, గోండీలో వాచకాలు తయారయ్యాయనీ చెప్పండి. తన ఇంటి భాష ఎప్పుడో పుస్తకానికెక్కిందని తెలిసిన పిల్లవాడు ఆ భాషను దాచుకోవలసిన పని లేదు.

నవ్విన పిల్లలనూ వదిలేయకూడదు, అయితే దండన వద్దు. హాజరు పట్టీలోని ఇంటిపేర్లనే ఒక పాఠంగా చేయండి. మెస్రం, ఆత్రం, సిడాం వంటి గోండు ఇంటిపేర్లు నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు దేవుళ్ల శాఖలుగా ఉంటాయి. ఎవరికి ఎవరితో పెళ్లి సంబంధం కుదురుతుందో వాటిని బట్టే తేలుతుంది. మిగిలిన పిల్లలు కూడా తమ ఇంటిపేరు ఏ ఊరి నుంచి, ఏ వృత్తి నుంచి వచ్చిందో ఇంట్లో అడిగి రాసుకురావాలి. అప్పుడు ప్రతి ఒక్కరూ తమ సంగతి చెబుతారు, ఒక్కరే నిలబడవలసిన అవసరం ఉండదు.

మరొక్క మాట. వార్షికోత్సవంలో గుస్సాడీ (గోండుల నృత్యం) నెమలి ఈకల టోపీని వేషంగా పెట్టించకండి. దీపావళి వేళ జరిగే దండారి పండుగ రోజుల్లో దానికి పూజ చేస్తారు. వీలైతే, కిక్రి అనే తంత్రీ వాద్యం వాయిస్తూ గోండుల వంశగాథలు పాడే ప్రధాన్ తెగ పెద్దను, ఊరి పెద్దల అనుమతితో, దారి ఖర్చులిచ్చి పిలిపించి, తరగతిలో మీ కుర్చీలోనే కూర్చోబెట్టండి.