భోగిపళ్ళ వేళకు అమ్మ చీరల కౌంటర్‌లో

ప్రశ్న: నా వయసు 29. రాజమహేంద్రవరంలో ఒక పెద్ద బట్టల షోరూంలో నాలుగేళ్ళుగా చీరల కౌంటర్‌లో పనిచేస్తున్నాను. మావారు ఎలక్ట్రీషియన్. పాపకు మూడేళ్ళు. అత్తగారిది కోనసీమలో పల్లెటూరు. ఈ సంక్రాంతికి మా షాపు భోగి రోజు రాత్రి పదింటి దాకా, పండుగ రోజు మధ్యాహ్నం దాకా తెరిచే ఉంచారు. సెలవు అడిగితే ‘సీజన్‌లో కుదరదు’ అన్నారు. డ్యూటీలో మా ఫోన్లు లాకర్‌లో పెట్టించుకుంటారు. రాత్రి ఫోను చేతికి వచ్చాక చూస్తే మావారు ఆరుసార్లు వీడియో కాల్ చేశారు. అప్పటికే పాపకు భోగిపళ్ళు పోయడం అయిపోయింది. సంక్రాంతి సాయంత్రం ఊరు చేరాను. కనుమ నాడు తెల్లవారకముందే మళ్ళీ బయలుదేరవలసి వచ్చింది. అప్పటి నుంచి అత్తగారు నాతో మాట్లాడడం లేదు. మావారు ‘నీకు మాకంటే షాపే ఎక్కువ’ అంటున్నారు. నా 14 వేల జీతం లేకపోతే ఇంటి అద్దె కట్టడం కష్టం. అసలు పండుగలకు షాపులు తెరవడమే తప్పు కదా? నేను ఉద్యోగం మానేయాలా?

జవాబు: అమ్మా, ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. మానకండి, ఇప్పుడైతే వద్దు. పండుగ బాధ పచ్చిగా ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం కాదిది. మీరు ఇల్లు వదిలి షాపును ఎంచుకోలేదు. ఎంచుకునే వీలు మీకు ఎవరూ ఇవ్వలేదు. ఈ తేడా మీకు తెలుసు. తెలియవలసింది మీ ఇంట్లోవాళ్ళకు, మీ యజమానికి.

మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. సంక్రాంతి రోజు ముందు తలుపులు మూసి ఉన్నా, దొడ్డి గుమ్మం దగ్గరకు ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వచ్చేవారు. పొంగలికి బెల్లం చాలలేదనేవారు, చుట్టాలు చెప్పకుండా దిగారు, పంచదార కావాలనేవారు. అమ్మ విసుక్కునేది. నాన్న లేచి, చెయ్యి కడుక్కుని, తూచి ఇచ్చి వచ్చేవారు. కానీ ఆయన తిరిగి వచ్చి అదే విస్తరి ముందు కూర్చునేవారు. మా పక్కనే కూర్చునేవారు. పండుగ రోజు ఎంతసేపు కొట్టు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఆయన చేతిలో ఉండేది. నెలజీతానికి కౌంటర్ వెనక నిలబడిన మీకు అది లేదు. పండుగ రోజు షాపు తెరవడం మంచిదా చెడ్డదా అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ దొడ్డి గుమ్మమే గుర్తొస్తుంది. తలుపు ఎవరు తీస్తున్నారు, ఎవరి ఇష్టంతో తీస్తున్నారు అన్నదే అసలు విషయం.

కాబట్టి పండుగలకు షాపులన్నీ మూసేయాలని నేను అనను. మందుల షాపు తెరవాలి, పాలు రావాలి. మీరు ఊరు వెళ్ళిన బస్సు నడిపిన డ్రైవరుకూ ఇంట్లో పిల్లలు ఉండి ఉంటారు. భోగి ఉదయం బట్టల షాపు తెరవడాన్నీ తప్పు పట్టలేను. కూలి డబ్బులు ఆఖరి రోజు చేతికొచ్చి, అప్పుడే పిల్లలకు గౌను కొనేవాళ్ళు ఎందరో ఉంటారు. కానీ భోగి సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటాక, సంక్రాంతి రోజున, చీర కొనకపోతే ఆగిపోయే పని ఏ ఇంట్లోనూ లేదు. ఆ వేళకు షట్టర్ దించాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

వ్యాపారం దెబ్బతింటుందని యజమానులు అంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు క్రిస్మస్ రోజు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. అక్కడ వ్యాపారాలేమీ మూతపడలేదు. అమెరికాలో థాంక్స్‌గివింగ్ నాడు ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని భోజనం చేస్తారు. అలాంటి రోజున కూడా పెద్ద పెద్ద దుకాణాలు సాయంత్రమే తలుపులు తెరిచే పోటీ కొన్నేళ్ళు నడిచింది. 2020లో కరోనా వల్ల మూశారు. టార్గెట్ అనే సంస్థ 2021లో ఇక ఎప్పుడూ ఆ రోజు తెరవబోమని ప్రకటించింది. కొనేవాళ్ళు ఒకరోజు ముందో వెనకో వచ్చి కొనుక్కుంటారు. మన దగ్గరా అంతే. సంక్రాంతి నాడు షాపు మూసి ఉంటే ఆ చీర భోగి ఉదయమే అమ్ముడుపోతుంది.

ఇక మీరు చేయగలిగినవి చెబుతాను.

మన రాష్ట్రంలో 1974 నుంచి పండుగ సెలవులకు ఒక చట్టం ఉంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి జాతీయ సెలవులతో పాటు, దుకాణాలు, సంస్థల్లో పనిచేసేవారికి ఏటా కొన్ని పండుగ సెలవులు జీతంతో ఇవ్వాలి. ఆ సెలవు రోజున పని చేయిస్తే రెట్టింపు వేతనం ఇవ్వాలి, లేదా ఆ రోజు వేతనం ఇచ్చి మరో రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. మీ షాపులో ఈ ఏడాది ఏయే పండుగలు సెలవు జాబితాలో ఉన్నాయో ఫ్లోర్ మేనేజర్‌ను మామూలుగా అడగండి. గొడవలా కాదు, సమాచారం అడిగినట్టు. సంక్రాంతి అందులో ఉంటే మీకు రావలసింది ఇంకా బాకీ ఉన్నట్టే. జాబితాయే లేదంటే కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. అయితే అక్కడికి ఒంటరిగా వెళ్ళకండి.

ఒంటరిగా అడిగిన మనిషిని పక్కన పెట్టడం సులువు. పదిమంది కలిసి అడిగితే అంత సులువు కాదు. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే మహిళలకు రోజంతా కూర్చునే వీలు ఉండేది కాదు. కోళికోడ్‌లో అలాంటి మహిళలు కూడి ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ చట్టం సవరించి, ఉద్యోగులకు కూర్చునే సదుపాయం తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. వాళ్ళూ మీలాగే చీరలు మడత పెట్టి, సాయంత్రానికి వాచిన కాళ్ళతో ఇంటికి వెళ్ళినవాళ్ళే.

మీరు అడిగేది వాళ్ళు అడిగినదానికంటే చిన్నది. మీ ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళంతా కూర్చుని ఒక కాగితం మీద వంతులు రాయండి. మీతో క్రిస్మస్ జరుపుకునే అమ్మాయి ఉంటే, డిసెంబరు 24 సాయంత్రం, 25న ఆమె బదులు మీరు నిలబడండి. భోగి నాడు మీ బదులు ఆమె నిలబడుతుంది. రంజాన్‌కూ ఇలాగే. చిన్నపిల్లలున్నవారికి భోగి సాయంత్రం నాలుగింటికే వదలాలని అందులో ఒక మాట రాయండి. ఆ కాగితం సీజన్ మొదలయ్యాక కాదు, దసరాకు ముందే మేనేజర్ చేతికి వెళ్ళాలి. డిసెంబరు చివర్లో అడిగితే ఆయనకూ మనుషులను సర్దే వీలుండదు. మీకు ‘కుదరదు’ అనే మాట ఎందుకు వచ్చిందో చూసుకోండి. మీరు ఎన్ని రోజుల ముందు అడిగారో ఉత్తరంలో రాయలేదు. ఫోన్ల విషయం కూడా అదే కాగితంలో రాయండి. ఇంట్లో చిన్నపిల్ల ఉన్న తల్లి సాయంత్రం ఒకసారి, పది నిమిషాలు ఫోను చూసుకునే ఏర్పాటు ఏ షాపుకూ భారం కాదు.

మీ ఆయన మాట గురించి. ‘నీకు మాకంటే షాపే ఎక్కువ’ అన్న మాట మిమ్మల్ని కోసేసి ఉంటుంది. ఆ సాయంత్రం ఆయన ఎక్కడున్నారో కూడా ఒకసారి ఊహించండి. ఇంటినిండా చుట్టాలు, ఒళ్ళో పాప, వచ్చిన ప్రతివాళ్ళూ ‘తల్లేది?’ అని అడగడం. ఆరుసార్లు ఫోను చేసిన మనిషి మీ మీద కోపంతో చేయలేదు, మీకు చూపించాలని చేశారు. ఆ ఆరు కాల్స్ మీ ఇద్దరి మధ్యా ఉన్న ప్రేమకు గుర్తు అనే నేను అనుకుంటున్నాను. ఆయనతో ఇలా అనండి: ‘మీరు చేసిన కాల్స్ రాత్రి పదింటికి లాకర్ దగ్గర నిలబడి చూశాను. అప్పుడు ఏడ్చాను. నేను రాలేకపోయాను, రాకూడదనుకోలేదు.’ ఆ తర్వాత అద్దె లెక్క కూడా ఆయన ముందే వేయండి. మీ జీతం తీసేస్తే నెల ఎలా గడుస్తుందో ఇద్దరూ కలిసి చూడండి. మానేయమని ఆయన నోటితో అనలేదని గమనించారా? ఆయనకు కావలసింది మీ రాజీనామా కాదేమో.

అత్తగారికి మీరే ఫోను చేయండి, మీవారి చేత చెప్పించకండి. కోపం మీరు భోగికి రాలేదని మాత్రమే కాదని నా అనుమానం. కనుమ నాడు కాకి కూడా కదలదని నమ్మే ఇంట్లో, కోడలు తెల్లవారకముందే గడప దాటింది. ఆమె రాత్రే మినప్పప్పు నానబెట్టి ఉంటారు, పొద్దున్నే మీకు గారెలు వండి పెడదామని. మీరు వెళ్ళిపోయాక ఆ పిండి చూసుకుంటే ఆమెకు ఎలా ఉంటుంది? ఉద్యోగం చేస్తున్నందుకు మీరు క్షమాపణ చెప్పనక్కర లేదు. ‘కనుమ పూట ఉండలేకపోయాను అత్తయ్యా, ఆ గారెలు నాకు బాకీ’ అనండి చాలు. వీలు చూసుకుని ఒక ఆఫ్ రోజు పాపను తీసుకుని వెళ్ళి ఆ బాకీ తీర్చుకోండి. వచ్చే ఏడు భోగిపళ్ళు మీరు వచ్చే వేళకు పోద్దామని, ఒక గంట ఆలస్యమైనా ఆగుదామని ఆ రోజే మాట తీసుకోండి. పాపకు అప్పటికి నాలుగేళ్ళు. రేగిపళ్ళు, చిల్లర, చెరకు ముక్కలు తల మీద నుంచి రాలుతుంటే ఏరుకునే వయసు. ఈ ఏడు జరిగింది ఆ పిల్లకు గుర్తుండదు, వచ్చే ఏడు జరిగేది గుర్తుండే అవకాశం ఉంది.

ఇవన్నీ చేశాక కూడా, కలిసి అడిగినా, ముందే అడిగినా, షాపువారు ఒక్క పూట కూడా ఇవ్వకపోతే అప్పుడు వేరే చోటు వెతకండి. నాలుగేళ్ళ అనుభవం ఉన్న సేల్స్ మనిషిని తీసుకునే షాపులు మీ ఊళ్ళో చాలానే ఉంటాయి. చేరే ముందు జీతంతో పాటు పండుగ సెలవుల మాట కూడా అడగండి.

దగ్గరలో ఉన్న పండుగ ఉగాది. దానికి ఒక పూట చాలు. ఆ రోజు పాపకు తలంటి, పచ్చడి నాకించి, మధ్యాహ్నం నుంచి డ్యూటీకి వస్తానని ఈ వారమే మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి. ఏమన్నారో నాకు మళ్ళీ రాయండి.