సందేహాలు – సమాధానాలు: ఓడినవారు ఇచ్చేది ఆమోదమా, మద్దతా?

సందేహం: అమెరికా ఎన్నికల మీద ఒక ఇంగ్లిషు పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. 2008లో హిల్లరీ క్లింటన్ ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, ఓడిపోయాక ఒబామాను ఎండార్స్ చేసిన ఘట్టం దగ్గర చిక్కు వచ్చింది. నేను రాసిన వాక్యం ఇది: “ప్రైమరీలో ఓడిన అభ్యర్థి హిల్లరీ క్లింటన్ అధ్యక్షుడి కోసం తన మాజీ ప్రత్యర్థి ఒబామాను ఆమోదించింది.” మా నాన్నగారు చదివి “ఇదేం తెలుగమ్మా?” అన్నారు గానీ తప్పెక్కడో చెప్పలేదు. ఆమోదించింది, సమర్థించింది, బలపరిచింది, మద్దతు తెలిపింది – వీటిలో ఏది సరైనది? ‘మాజీ ప్రత్యర్థి’ అనవచ్చా? ‘ప్రచారాన్ని సస్పెండ్ చేసింది’ అన్నదాన్ని ఎలా రాయాలి? – ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ నాన్నగారి చెవికి ముందుగా తగిలింది మీరు అడగని మాటే అయ్యుంటుంది: ‘అధ్యక్షుడి కోసం’. తెలుగులో ఫలానావారి కోసం అంటే వారి మేలు కోరి, వారి తరఫున అని. 2008 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్. అంటే, హిల్లరీ బుష్‌ను దృష్టిలో పెట్టుకుని ఒబామాను ఆమోదించిందన్నమాట! ఇక్కడ రావాల్సింది మనిషి కాదు, పదవి. అయితే ‘అధ్యక్ష పదవికి ఒబామాకు మద్దతు’ అన్నా బాగుండదు, రెండు ‘కు’లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మధ్యలో ఒక క్రియ పెడితే ఊపిరాడుతుంది: ‘అధ్యక్ష పదవికి పోటీపడుతున్న ఒబామాకు’. ‘అధ్యక్ష అభ్యర్థిగా’ అని కూడా రాయవచ్చు కానీ దాని చోటు చూసుకోవాలి. ‘అధ్యక్ష అభ్యర్థిగా హిల్లరీ ఒబామాకు మద్దతు ప్రకటించారు’ అంటే అభ్యర్థి హిల్లరీయే అయిపోతారు.

ఇక క్రియల సంగతి. ఆమోదించాలంటే అధికారం ఉండాలి. శాసనసభ బిల్లును ఆమోదిస్తుంది, స్పీకరు రాజీనామాను ఆమోదిస్తారు. ఆ ఆమోదం పడకపోతే పని అక్కడే ఆగిపోతుంది. హిల్లరీ ఊ అనకపోయినంత మాత్రాన ఒబామా ఆగే పరిస్థితి లేదు. జూన్ 3న చివరి ప్రైమరీలు, అంటే మోంటానా, సౌత్ డకోటాలవి, ముగిసేనాటికే పార్టీ అభ్యర్థి కావడానికి ఆయనకు కావలసిన సదస్సు ప్రతినిధుల బలం సమకూరింది. ఓడినవారి దగ్గర అనుమతి ఉండదు, అండ మాత్రమే ఉంటుంది. ‘సమర్థించు’ కూడా కుదరదు. ఎవరో తప్పు పట్టిన మాటనో పనినో వెనకేసుకురావడానికే ఇప్పుడు దాన్ని ఎక్కువగా వాడుతున్నాం. ‘ఒబామాను సమర్థించారు’ అంటే ఆయనేం తప్పు చేశాడని పాఠకుడు అడుగుతాడు.

‘బలపరచు’ దగ్గర కాస్త ఆగాలి. మాట మంచిదే, అర్థమూ దగ్గరిదే. కానీ ఎన్నికల సందర్భంలో దానికి ఇప్పటికే ఒక ఉద్యోగం ఉంది. సభలో ఒకరు తీర్మానం ప్రతిపాదిస్తే మరొకరు బలపరుస్తారు. మన రాష్ట్రపతి ఎన్నికలో నామినేషన్ పత్రం మీద కనీసం 50 మంది ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి. ఆ వందమందీ ఆ ఎన్నికలో ఓటున్న ఎంపీలు, ఎమ్మెల్యేలే అయ్యుండాలి. కాబట్టి ‘అభ్యర్థిని బలపరిచారు’ అని చదవగానే రాజకీయ వార్తలు చదివే తెలుగువాడికి ఆ సంతకమే తోస్తుంది.

ఇది మరీ చాదస్తం అనిపిస్తే, మీ పుస్తకంలోనే కొన్ని పేజీలు ముందుకు వెళ్లండి. 2008 ఆగస్టు 27న డెన్వర్‌లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ సదస్సు జరుగుతోంది. రాష్ట్రాలను వరసగా పిలిచి ఎవరికెన్ని ఓట్లో చెప్పిస్తున్నారు. న్యూమెక్సికో తన వంతు వచ్చినప్పుడు దాన్ని ఒబామా సొంత రాష్ట్రం ఇల్లినాయ్‌కి వదిలింది. ఇల్లినాయ్ దాన్ని న్యూయార్క్‌కి అప్పగించింది. న్యూయార్క్ సెనేటర్ హిల్లరీ. ఆమె మైకు అందుకుని, ఓట్ల లెక్క అక్కడితో ఆపి, ఒబామాను సభ్యుల హర్షధ్వానాలతోనే పార్టీ అభ్యర్థిగా ఎన్నుకోవాలని కోరారు. సభకు అధ్యక్షత వహిస్తున్న నాన్సీ పెలోసీ ‘బలపరిచేవారున్నారా?’ అని అడగడం, హాలు హాలంతా హోరెత్తడం వెంటవెంటనే జరిగిపోయాయి.

ఇప్పుడు చూడండి. జూన్‌లో హిల్లరీ చేసింది మద్దతు ప్రకటించడం. ఆగస్టులో చేసింది ప్రతిపాదించడం. బలపరిచింది హాల్లోని ప్రతినిధులు. ఆమోదించింది సదస్సు. జూన్ నాటి వాక్యంలోనే ‘ఆమోదించు’నూ ‘బలపరచు’నూ ఖర్చుపెట్టేస్తే డెన్వర్ ఘట్టం వచ్చేసరికి మీ చేతిలో ఏమీ మిగలదు. అక్కడ ఇంకో మాట కూడా మీకు అవసరపడుతుంది. హర్షధ్వానాలతో ఎన్నుకోవడాన్ని ‘ఏకగ్రీవం’ అనాలనిపిస్తుంది. అనకండి. అప్పటికే కొన్ని రాష్ట్రాలు హిల్లరీ పేరు మీద కూడా ఓట్లు చెప్పాయి. పైగా మనకు ఏకగ్రీవమంటే సర్పంచి ఎన్నికలో రెండో నామినేషనే లేకపోవడం. ‘మూజువాణీ ఓటుతో’ అంటే సరిపోతుంది. హిందుస్తానీ నుంచి వచ్చిన మాట, నోటితో చెప్పడమని అర్థం. మన పత్రికలు శాసనసభ వార్తల్లో రోజూ వాడేదే.

మొత్తానికి మీకు కావలసింది ‘మద్దతు’. సంస్కృతం కాదు, అచ్చతెలుగూ కాదు. అరబీలోని ‘మదద్’ హిందుస్తానీలోకీ, మరాఠీలో ‘మదత్’గానూ వెళ్లింది, మన మద్దతు దాని చుట్టమే. అంతమాత్రాన పంక్తిలోంచి లేపనక్కర్లేదు, రైతు నోట్లో కూడా ‘మద్దతు ధర’ ఉంది కదా. అయితే మద్దతు తర్వాత ఏ క్రియ పెడతారన్నది ముఖ్యం. మద్దతు ‘ఇవ్వడం’ కొన్నాళ్లపాటు సాగే పని, ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతు ఇచ్చినట్టు. ‘పలకడం’లో గొంతు కలపడం ఉంది, ఒక ఉద్యమానికో డిమాండుకో బాగా నప్పుతుంది. ‘తెలపడం’ ఉత్తరంలో కూడా జరగవచ్చు. ఫలానా రోజున, ఫలానా చోట, పదిమంది ముందు చెప్పడం మాత్రం ‘ప్రకటించడం’. ఎండార్స్ చేయడమంటే అదే కాబట్టి ‘మద్దతు ప్రకటించారు’ అనే రాయండి.

ప్రకటన అన్న మాటను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. ఓడినవారందరూ వెంటనే ఆ మాట అనరు, అనకుండా చాలా అంటారు. 2016లో రిపబ్లికన్ల క్లీవ్‌లాండ్ సదస్సులో టెడ్ క్రూజ్ వేదికెక్కి ట్రంప్‌ను అభినందించారు. మద్దతు మాత్రం ప్రకటించలేదు, మనస్సాక్షి చెప్పినట్టు ఓటేయమన్నారు. హాలంతా గోల. సెప్టెంబరులో గానీ ఆయన ట్రంప్‌కు ఓటేస్తానని చెప్పలేదు. నిక్కీ హేలీ 2024 మార్చిలో పోటీ నుంచి తప్పుకున్నారు, మే నెలలో ట్రంప్‌కే ఓటేస్తానన్నారు, జులైలో మిల్వాకీ సదస్సుకు వచ్చి గట్టిగా మద్దతు ప్రకటించారు. తప్పుకోవడం, ఓటేస్తాననడం, మద్దతు ప్రకటించడం – మూడూ వేరువేరు వార్తలు. మూడింటినీ ‘మద్దతు’ అనేసే అనువాదకుడి చేతిలో హేలీ కథలో కథే ఉండదు.

మీకు అసలు కష్టం జూన్ 7 నాటి ప్రసంగంలో వస్తుంది. వాషింగ్టన్‌లోని నేషనల్ బిల్డింగ్ మ్యూజియంలో ఇచ్చిన ఆ ప్రసంగంలో హిల్లరీ ఒక్క ఊపులో అన్నీ చెప్పారు: ప్రచారం ఆపుతున్నాను, ఆయన్ని అభినందిస్తున్నాను, ఎండార్స్ చేస్తున్నాను, నా పూర్తి మద్దతు ఇస్తున్నాను, మీరూ నాకోసం కష్టపడినంతా ఆయనకోసం కష్టపడండి అని. ఎండార్స్‌కూ మద్దతు, సపోర్ట్‌కూ మద్దతు! ‘మద్దతు ప్రకటిస్తున్నాను, పూర్తి మద్దతు ఇస్తున్నాను’ అని రాస్తే నత్తిగా ఉంటుంది. అలాంటిచోట రెండోదాన్ని మద్దతు అనకుండా చెప్పాలి. నేనైతే ‘నా మద్దతు ఒబామాకే. నా బలమంతా ఆయన వెంటే’ అంటాను. ప్రసంగం కాబట్టి క్రియ లేకపోయినా నడుస్తుంది. ‘వెన్నుదన్నుగా నిలుస్తాను’ అన్నా అందమే. ఇంగ్లిషు మాటకు కూడా మూలార్థం కాగితం వీపున రాయడమే, చెక్కు వెనక సంతకంలా. కాకపోతే రాజకీయాల్లో ‘వెన్ను’ అనగానే తెలుగువాళ్లకు దన్నుకంటే ముందు పోటు గుర్తొస్తుంది, అదొక ఇబ్బంది.

‘ఎండార్స్ చేశారు’ అనే ఉంచేస్తే? మాటల్లో తప్పులేదు, అమెరికాలో డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న మనవాళ్లు అలాగే అంటారు. పుస్తకంలో వద్దంటాను. మన ఊళ్లలో అర్జీ పెట్టుకున్నవాడికి ఆఫీసువాళ్లు ‘ఎండార్స్‌మెంట్’ ఇచ్చారంటే, చాలాసార్లు అది కుదరదని రాసిచ్చిన కాగితమే.

‘మాజీ ప్రత్యర్థి’ని నేను కొట్టేస్తాను. మాజీ పదవులకు అతికే మాట: మాజీ మంత్రి, మాజీ సర్పంచి. ప్రత్యర్థిత్వం దిగిపోయే కుర్చీ కాదు. ‘మాజీ ప్రియుడు’ లాంటివి పత్రికల్లో స్థిరపడ్డాయి కాబట్టి దీన్నీ తప్పనలేం గానీ, మన పలుకుబడి ఇంతకంటే బాగుంది: నిన్నమొన్నటి ప్రత్యర్థి, నిన్నటిదాకా తనతో తలపడ్డ ఒబామా. ఇంకో మాట. పాత ధర్మశాస్త్రాల్లో దావా తెచ్చినవాడు అర్థి, ఎదుటి పక్షం ప్రత్యర్థి. ఎదురుపక్షమన్న ఆ అర్థం ఇంకా వదల్లేదు. మీ పుస్తకంలో నవంబరు పోరులోని రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్‌కు ‘ప్రత్యర్థి’ని దాచిపెట్టి, సొంత పార్టీలోని హిల్లరీకీ ఒబామాకూ ‘పోటీదారు’ వాడితే పాఠకుడు తికమకపడడు. ‘ఆశావహులు’ అన్న మాట టికెట్ కోసం అధిష్ఠానం గుమ్మం దగ్గర ఎదురుచూసేవాళ్లది. లక్షలమంది చేత ఓట్లు వేయించుకున్నవాళ్లకు అది చాలదు.

‘సస్పెండ్’ని సస్పెండ్‌గా ఉంచితే ఉద్యోగి మీద చర్య తీసుకున్నట్టుంటుంది. ‘ప్రచారం నిలిపివేశారు’ చాలు. అక్కడ ఓడినవాళ్లు ‘తప్పుకుంటున్నాను’ అనడానికి బదులు ఆ మాటనే ఎంచుకోవడం రివాజు. కాబట్టి హిల్లరీ నోట ‘నిలిపివేస్తున్నాను’, పుస్తక రచయిత కథనంలో ‘పోటీ నుంచి వైదొలిగారు’ అని విడదీసి రాయవచ్చు.

ఇవన్నీ కలిపితే మీ వాక్యం ఇలా ఉంటుంది: “ప్రైమరీల్లో ఓడిపోయిన హిల్లరీ క్లింటన్, నిన్నటిదాకా తనతో పోటీపడిన ఒబామాకు అధ్యక్ష అభ్యర్థిగా మద్దతు ప్రకటించారు.” ‘ఓడిన అభ్యర్థి హిల్లరీ’ అని ఉంచనక్కర్లేదు, ‘ఓడిపోయిన హిల్లరీ’లోనే అది ఉంది. ‘ప్రకటించింది’ అన్నా నాకు అభ్యంతరం లేదు, ఒబామాకు కూడా ‘అన్నాడు’ అంటే చాలు.

ఆ తర్వాతి ఘట్టంలో జూన్ 27న ఇద్దరూ కలిసి మొదటిసారి సభ పెట్టిన న్యూహాంప్‌షైర్ ఊరొకటి వస్తుంది. దాని పేరు యూనిటీ. జనవరి ప్రైమరీలో ఆ ఊళ్లో ఇద్దరికీ చెరి 107 ఓట్లు పడ్డాయి. ఊరి పేరును తెలుగు చేయబోకండి, ‘ఐక్యత అనే అర్థం వచ్చే యూనిటీ’ అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. ‘ఇద్దరికీ సమానంగా ఒక్కొక్కరికి’ అని సాగదీయకుండా ‘చెరి’ని వాడుకోండి. సదస్సుకు వెళ్లే డెలిగేట్లను ‘ప్రతినిధులు’ అని రాసేటప్పుడు ‘సదస్సు ప్రతినిధులు’ అనండి. లేకపోతే అమెరికా ప్రతినిధుల సభ సభ్యులతో కలిసిపోతారు. ‘ప్రైమరీ’ని మాత్రం ప్రైమరీగానే ఉంచండి, ‘ప్రాథమిక ఎన్నికలు’ అంటే ఎలిమెంటరీ స్కూల్లో క్లాస్ లీడరు ఎన్నికలా ఉంటుంది.